వదిన మాటలు, రూప చప్పుళ్లు

కథలు రాయడం ఎప్పుడు మొదలుపెట్టిందో కోమలికి సరిగ్గా గుర్తులేదు. అసూయ ఎప్పుడు పట్టుకుందో మాత్రం అడిగితే తడుముకోకుండా చెబుతుంది. ఒక ఆదివారం పొద్దున, తిరుపతి కొర్లగుంటలో తాము అద్దెకుంటున్న ఇంట్లో, పొయ్యి మీద పాలు పెట్టి ఫోను చూసుకుంటున్నప్పుడు. ముందు రోజు సాయంత్రం తన యూట్యూబ్ ఛానల్లో కొత్త కథ పెట్టింది. దాని కింద మొదటి కామెంటు: "ఆ వాన భలే ఉందండీ, ఒళ్ళు తడిసినట్టయింది." రెండోది: "వాన చప్పుడు ఎవరు చేశారో గానీ సూపర్." ఆ తర్వాతవీ వాన గురించే. కథలో భర్త పోయిన ఆడమనిషి గొడుగు మడిచి ఎందుకు తడుస్తూ నడిచిందో, ఆ చివరి వాక్యం కోసం కోమలి ఎన్ని సాయంత్రాలు కూర్చుందో ఎవరికీ పట్టలేదు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. ఆమె అలాగే నిలబడి ఇంకా కిందికి జరుపుతూ చదివింది. ఎక్కడో ఒకరైనా కథ గురించి అని ఉంటారని.

ఆ వాన చేసింది ఆమె ఆడబిడ్డ రూపశ్రీ.

కోమలిది నగరి. ఏ వీధిలోకి వెళ్ళినా మరమగ్గాలు ఆడే ఊరు. తండ్రి ఏకాంబరం ఒకరి షెడ్డులో మగ్గాలు నడిపేవాడు. షెడ్డుకూ వాళ్ళ ఇంటికీ మధ్య ఒకటే గోడ. కరెంటు ఉన్నంతసేపూ ఆ చప్పుడు ఉండేది. ఇంట్లో అందరూ అరిచినట్టే మాట్లాడేవాళ్ళు. తల్లి మునెమ్మకు కూతురిని పిలవాలంటే దగ్గరికి వచ్చి భుజం తట్టడమే దారి. కోమలి చెవుల్లో దూది పెట్టుకుని చదువుకునేది. దూది లోపల ఉండే ఆ కాస్త నిశ్శబ్దంలో తనతో తాను మాట్లాడుకునేది. ఆ మాటలే పెద్దయ్యాక కథలయ్యాయి. తల్లి పోయినప్పుడు ఆమె మీద ఒక కథ రాసింది, అది ఒక వారపత్రికలో వచ్చింది. ఏకాంబరం ఆ పేజీని అటూ ఇటూ తిప్పి చూసి, కూతురి పేరు ఉన్నచోట వేలు పెట్టి, "నీ పేరే" అన్నాడు. ఆయనకు వచ్చింది అరవ చదువు. తెలుగు కూడబలుక్కుని చదవాలి. కథ చదవలేదు. చదివి వినిపిద్దామంటే అప్పటికే ఆయనకు చెవులు మందగించాయి.

పెళ్ళయి తిరుపతికి వచ్చింది. భర్త మునిప్రసాద్ శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తాడు. పొద్దున్నే కంపెనీ బస్సెక్కితే మళ్ళీ చీకటిపడ్డాకే ఇంటికి. కోమలి బస్టాండు దగ్గర ఒక ప్రింటింగు ప్రెస్సులో డీటీపీ చేసేది. పెళ్ళి పత్రికలు, చీటీల కంపెనీల కరపత్రాలు, సంతాప సభల బ్యానర్లు. కథలు వేసుకునే పత్రికలు ఒక్కొక్కటే మూతపడుతుంటే, చదివేవాళ్ళు లేకపోతే వినేవాళ్ళయినా ఉంటారని 'కోమలి కథలు' అని ఛానల్ మొదలుపెట్టింది. రికార్డింగుకు పాల్ దగ్గరికి వెళ్ళేది. పాల్ చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. ఇంటి మీద ఒక చిన్న గదికి గోడలనిండా స్పాంజి అంటించి దాన్నే స్టూడియో అంటాడు. వినేవాళ్ళు కొద్దిమందే. కానీ ఆ కొద్దిమంది కోమలి కథ గురించి మాట్లాడేవాళ్ళు. అది ఆమెకు చాలు.

రూపశ్రీ డిగ్రీ అయిపోయి, బ్యాంకు పరీక్షల కోచింగుకని చిత్తూరు నుంచి అన్న ఇంటికి వచ్చింది. వాళ్ళమ్మ శకుంతలమ్మ చిత్తూరు బజారువీధిలో గాజుల అంగడి నడుపుతుంది. భర్త పోయాక ఆ అంగడితోనే ఇద్దరు పిల్లల్నీ పెంచింది. రూప వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం వదిన వెంట పాల్ స్టూడియోకు వెళ్ళింది. కోమలి కథ చదువుతుంటే గాజు పలకకు ఇవతల కూర్చుని విన్నది. బయటికొచ్చాక మెట్లు దిగుతూ అడిగింది.

"వదినా, కథలో వాన పడతా ఉండాది గదా. నువ్వు చెప్తా ఉండావు గానీ, నాకు వినపడలా."

"కథలో వాన వినేవాళ్ళ మనసులో పడాల అమ్మీ. బయట కాదు."

"పడతాది. నేనూ కొంచెం పోస్తే ఇంకా బాగా పడతాది."

కోమలి నవ్వింది. మరుసటి రోజు వంటగదిలో రూప చేట బోర్లించి దాని మీద సగ్గుబియ్యం సన్నగా జారవిడుస్తూ, పక్కన ఫోను పెట్టి రికార్డు చేసింది. నిజం వానను రికార్డు చేస్తే వడియాలు వేయించినట్టు వినిపిస్తుందట. దాన్ని పాల్ కంప్యూటర్లో పెట్టి నిదానం చేసి, దూరం చేసి, ఒక చోట కిటికీ తలుపు వేసినట్టుగా మూసేసింది. కోమలి విన్నది. ఆశ్చర్యపోయింది. "ఏం పిల్లవే నువ్వు!" అని బుగ్గ గిల్లింది. ఆ రోజు ఆమెకు సంతోషమే. దాని తర్వాత వచ్చిందే ఆ ఆదివారం.

అప్పటినుంచి ప్రతి కథకూ రూప చప్పుళ్లు పెట్టేది. తలుపు గడియ, రైలు వంతెన ఎక్కినప్పుడు మారే మోత, ఆసుపత్రి వరండాలో చెప్పుల ఈడ్పు. వినేవాళ్ళు పెరిగారు. ఆ పెరుగుదల తనవల్లనో రూపవల్లనో కోమలికి తెలుసు. ఎవరైనా "మీ ఛానల్ బాగా పోతా ఉండాది" అంటే నవ్వేది, ఇంటికొచ్చాక తలనొప్పి వచ్చేది.

ఆ తర్వాత రూప కథ లేకుండానే చేయడం మొదలుపెట్టింది. తెల్లవారుజామున తిరుచానూరు పూల అంగళ్ళ దగ్గరికి వెళ్ళి, గంపల మీద నీళ్ళు చిలకరించే చప్పుడు, తాటాకు బుట్టలు ఈడ్చే చప్పుడు పట్టుకొచ్చింది. పాల్‌ను హార్మోనియం మీద ఒకే ఒక స్వరం వాయించమని అడిగి, దాన్ని నిమిషాల పొడవున సాగదీసి, ఈ చప్పుళ్ల కింద పరిచింది. పాట కాదు, తాళం లేదు. పక్క గదిలో అగరొత్తి వెలిగించినట్టు ఉంటుంది. ఉన్నట్టు తెలుస్తుంది, అటు చూడనక్కర్లేదు. దీన్ని యాంబియంట్ మ్యూజిక్ అంటారని పాల్ చెప్పాడు.

"ఈ అమ్మాయి చెవులు మామూలు చెవులు కాదక్కా," అన్నాడు కోమలితో. "నేను ఇన్నేండ్లు వాయిస్తా ఉండాను గానీ, నాకు ఈ ఆలోచన రాలా."

కోమలి కథలు ఎన్నో పాల్ గదిలోనే చదివింది. ఏ కథ గురించీ అతను అలా అనలేదు. "మంచి నీతి ఉండాదక్కా" అనేవాడు, అంతే.

ఇంట్లో మునిప్రసాద్ ఇంకోరకం. అతను చెల్లెలు చేసినవన్నీ ఫోనులో దించుకుని కంపెనీ బస్సులో వినేవాడు.

"రూప చేసింది పెట్టుకుంటే సూళ్ళూరుపేట దాకా హాయిగా నిద్ర పోతా. నీ కథ పెట్టుకుంటే నిద్రే రాదబ్బా," అన్నాడు ఒకసారి అన్నం తింటూ.

భార్యను మెచ్చుకున్నాననే అనుకున్నాడు పాపం. కోమలి చారు గిన్నె చప్పుడయ్యేలా పెట్టి, "నిద్రపుచ్చేదానికి అంత పేరు రావాల్నా?" అనుకుంది.

అసూయ ఆమె చేత చిన్న చిన్న పనులు చేయించింది. రూప వంటగది పక్కన ఏదో రికార్డు చేస్తుంటే ఆ సమయానికే మిక్సీ వేసేది. "అయ్యో, చూసుకోలేదమ్మీ" అనేది. రూప హెడ్‌ఫోన్ పెట్టుకుని కళ్ళు మూసుకుంటే, సరిగ్గా అప్పుడే పెరుగు లేదని గుర్తొచ్చేది. ఛానల్లో ప్రతి కథకూ ముందు కనిపించే బొమ్మను కోమలే తయారుచేసేది, డీటీపీ చేతిలో పని కదా. 'కథ: కోమలి' అని పెద్ద అక్షరాల్లో పెట్టి, 'శబ్దం: రూపశ్రీ' అని కింద సన్నగా, వెనక రంగులో కలిసిపోయే రంగులో పెట్టేది. అక్షరం ఎంత తగ్గిస్తే తప్పుపట్టడానికి వీల్లేకుండా కనిపించకుండా పోతుందో ఆమెకు బాగా తెలుసు.

రూప వీటిలో దేన్నీ గమనించినట్టు లేదు. మిక్సీ చప్పుడును కూడా దాచుకుని ఒక కథలో పిండిమర చేసింది. అది కోమలికి ఇంకా మంటగా ఉండేది. ఎదుటి మనిషి పోట్లాడితే కొంత తేలిగ్గా ఉండేదేమో.

ఆ ఎండాకాలం రూప, "వదినా, మీ నగరికి ఒకసారి తీసుకుపోవా? మగ్గాలు రికార్డు చేసుకోవాల," అన్నది.

"ఆ మోత ఏం రికార్డు చేస్తావే? తలకాయ పగిలిపోతాది."

"పోదాం వదినా."

వెళ్ళారు. ఏకాంబరం ముసలివాడయ్యాడు. ఇప్పుడు మగ్గాలు నడపడు గానీ అదే షెడ్డులో దారం చుట్టే పని చేస్తాడు. రూప షెడ్డులో పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా తిరిగింది. మగ్గాల దగ్గర కాదు, గోడ అవతల. కోమలి చిన్నప్పుడు పడుకున్న గదిలో గోడకు ఫోను ఆనించి కూర్చుంది. మధ్యాహ్నం కరెంటు పోయి మగ్గాలన్నీ ఒక్కొక్కటిగా నిలిచిపోతే, ఆ నిలిచిపోవడం కూడా పట్టుకుంది. కోమలి గడపలో కూర్చుని చూసింది. ఇది నా గది, నా గోడ, అనుకుంది. ఇన్నేళ్లలో ఆ మోత మీద ఆమె ఒక్క వాక్యం రాయలేదు. రాయడానికి పనికొచ్చేది అందులో ఏదైనా ఉందని ఎన్నడూ అనుకోలేదు.

రూప దాన్నుంచి చేసినదానికి 'నగరి మధ్యాహ్నం' అని పేరు పెట్టింది. మోత ఎక్కడో గోడ అవతల ఉంటుంది. వింటుంటే అది మోత కాకుండా పోయి, ఎవరో నిద్రలో ఊపిరి తీస్తున్నట్టవుతుంది. తర్వాత ఒక్కో మగ్గమూ ఆగుతుంది. చివరికి గదిలో ఒక ఈగ, దూరంగా ఒక సైకిల్ గంట.

తర్వాత నెలలో ఏకాంబరం కళ్ళ ఆసుపత్రి పని మీద తిరుపతికి వచ్చాడు. రూప ఆయనకు హెడ్‌ఫోన్ పెట్టి, చప్పుడు బాగా పెంచి వినిపించింది. ఆయన కదలకుండా కూర్చుని విన్నాడు. మగ్గాలు ఆగే చోట చెయ్యి పైకెత్తాడు, అందరినీ మాట్లాడొద్దన్నట్టు.

"ఇది మన షెడ్డే," అన్నాడు. "కరెంటు పోతానే మునెమ్మ సద్ది క్యారియరు తెస్తాది గదా. ఆ టైము ఇది." రూప తల మీద చెయ్యి పెట్టాడు. "యాడ పట్టినావమ్మా దీన్ని? నా పెండ్లాం నడిచొచ్చినట్టు ఉండాది."

"అది నేను రాసినాను నాయనా," అన్నది కోమలి. గొంతు ఆమెకే వింతగా వినిపించింది. "అమ్మ మీద కథ రాసినాను. పత్రికలో వచ్చింది."

"ఏమంటా ఉండావు?" అన్నాడు ఏకాంబరం, చెవి మీది హెడ్‌ఫోన్ తీయకుండానే.

ఆమె మళ్ళీ చెప్పలేదు. కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళి, కడిగిన గ్లాసులనే మళ్ళీ కడిగింది. కామెంట్లు, పాల్ మాటలు, మొగుడి నిద్ర, ఇవన్నీ ఓర్చుకుంది. ఆ రోజు మాత్రం రూప తన ఇంట్లోంచి ఏదో ఎత్తుకుపోయినట్టే అనిపించింది.

ఆ వారంలోనే కొత్త కథ మొదలుపెట్టింది. పేరు 'షెడ్డు'. ప్రెస్సులో పని ముగించుకుని అక్కడే కూర్చుని రాసేది. మొదటిసారి మరమగ్గాల మీద రాసింది. అయితే ఒక పంతంతో రాసింది. ఏ వాక్యంలోనూ చప్పుడు మాటలోంచి బయటికి మిగలకూడదు. పోగును మోసుకుంటూ అటూ ఇటూ నాడా ఎగిరే తీరు, దారం తెగినప్పుడు పళ్ళ మధ్య గాలి పీల్చినట్టుండే శబ్దం, అరిచి అరిచి బొంగురుపోయిన ఆడవాళ్ళ గొంతులు, గోడలో దిగిన అదురు, ఆ అదురుకు వణికే తాగునీటి చెంబు. రూప వచ్చి ఇందులో ఏం పెట్టినా చెప్పిందే మళ్ళీ చెప్పినట్టవ్వాలి. ఒక్క సందు కూడా వదలకూడదు.

పూర్తిచేసి రూప చేతిలో పెట్టింది. రూప మంచం మీద పడుకుని చదివింది. అయిపోయాక కాగితాలు మళ్ళీ మొదటికి తిప్పింది. కోమలి బట్టలు మడతపెడుతూ ఓరగా చూస్తోంది.

"దీంట్లో నాకు పని లేదు వదినా," అన్నది రూప చివరికి. "అంతా నువ్వే వినిపించేసినావు."

"ఏమైనా పెట్టరాదా? నీకు తెలీనిదా?" కోమలి గొంతులో తేనె.

"చూస్తాను."

కోమలి పాల్ గదిలో ఒక్క ఊపున చదివేసింది. కొన్నాళ్ళకు కథ ఛానల్లోకి వచ్చింది. వెనక ఏ చప్పుడూ లేదు, ఏ సంగీతమూ లేదు. ఒట్టి గొంతు. అంతవరకూ ఆమె కథల్లో దేనికీ రానంత స్పందన దానికి వచ్చింది. నేతపని చేసేవాళ్ళు ధర్మవరం నుంచి, సిరిసిల్ల నుంచి రాశారు. "మా ఇల్లే" అన్నారు. "మీరు మధ్యమధ్య ఆగిన చోట నా గుండె ఆగింది" అని ఒకావిడ రాసింది. కోమలి ఆ కామెంట్లను మునిప్రసాద్‌కు చదివి వినిపించింది. కూనిరాగం తీస్తూ వంట చేసింది. రూప మీద ప్రేమ కూడా పుట్టుకొచ్చింది. ఆమెకు ఇష్టమని ఉలవచారు చేసిపెట్టింది.

ఆ సంబరం పాల్ దగ్గర ఆగిపోయింది. ఇంకో కథ చదవడానికి వెళ్ళినప్పుడు అతనే అన్నాడు.

"రూప దానికి సంగీతం మూడు రకాలుగా చేసిందక్కా. మూడూ తీసిపారేసింది. 'మా వదిన మాట మీద కాలు పెట్టినట్టు ఉండాది' అన్నది. తర్వాత ఆ ఆగడాలు చేసేదానికి వారం కూర్చున్నది."

"ఆగడాలా?"

"నువ్వు చదివింది చూడు." అతను కంప్యూటర్లో ముందు రికార్డయినది పెట్టాడు. కోమలి తన గొంతు విన్నది. ఎవరో తరుముతున్నట్టు, ఒక వాక్యం మీద ఇంకో వాక్యం పడిపోతూ. పంతంగా చదివిన చదువు. తర్వాత ఛానల్లో వచ్చినది పెట్టాడు. అదే గొంతు. కానీ ఒక్కో మాట తర్వాత ఎంత ఆగాలో అంత ఆగుతోంది. "మధ్యలో ఒట్టి ఖాళీ పెడితే తెలిసిపోతాదని, ఎవురూ లేనప్పుడు ఈ గదిని రికార్డు చేసుకొని ఆ గది చప్పుడే నింపింది. ఎవురికీ తెలీదు చూడు."

కోమలి మెట్లు దిగి ఆటో కోసం నిలబడింది. తాను ఒక్క సందు కూడా వదల్లేదనుకుంది. రూప మాటకూ మాటకూ మధ్య సందు చేసుకుని దూరింది. కామెంటు రాసిన ఆవిడకు గుండె ఆగిన చోట ఉన్నది రూప. కథలోని ఖాళీ కూడా దానిదేనా? ఆటోలు వచ్చి పోతున్నా ఆమె చెయ్యెత్తలేదు.

హైదరాబాదు నుంచి ఫోను వచ్చింది అప్పుడే. సినిమాలకు శబ్దాలు కూర్చే ఒకాయన ఛానల్లో పెట్టిన 'నగరి మధ్యాహ్నం' విని, తన దగ్గర సహాయకురాలిగా చేరమని రూపను అడిగాడు. రూప ఇల్లంతా గెంతింది. మునిప్రసాద్ అమ్మను అడగమన్నాడు. శకుంతలమ్మకు ఏమీ తోచక, సంగతి తెలిసిన మనిషని కోడలికే ఫోను చేసింది.

"అమ్మీ కోమలీ, నువ్వే సెప్పు. నువ్వు సదువుకున్నదానివి, ఆ పని ఎరిగినదానివి. పిల్లను పంపిచ్చొచ్చునా?"

కోమలి బాల్కనీలో నిలబడి ఉంది. లోపల రూప ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది. పంపిస్తే ఇల్లు వదిలి పోతుంది, మంచిదే. కానీ పెద్దదయిపోతుంది. ఆ రెండింటి మధ్య కోమలి ఎక్కువసేపు ఊగలేదు.

"పని మంచిదే అత్తా. అయితే ఆ పనికి వేళాపాళా ఉండదంట. ఆడ మనకు ఎవురుండారు? ఆ సినిమావాళ్ళు ఎట్లాంటోళ్ళో మనకేం తెలుసు? ఈడ కోచింగు సగంలో ఉండాది. పరీక్ష రాసినాక చూసుకోవచ్చునేమో."

అన్నీ నిజాలే. ఒక్క మాటా కల్పించింది కాదు. శకుంతలమ్మ నిట్టూర్చి, "నేనూ అదే అనుకున్న్యా" అని, కూతురికి వద్దని చెప్పేసింది.

రూప ఏడ్చింది. తర్వాత ఊరుకుంది. పుస్తకాలు తీసి చదవడం మొదలుపెట్టింది. హెడ్‌ఫోన్ మేకుకు తగిలించింది, మళ్ళీ తీయలేదు. కోమలి పాల్ దగ్గరికి ఒంటరిగా వెళ్ళి కథలు చదివి పెట్టేది. "రూప గారు ఏరి?" అని అడిగేవాళ్ళు వినేవాళ్ళు. పక్కనే తలవంచుకుని లెక్కలు చేసుకుంటున్న పిల్ల మీద, ఇక దేనికీ పోటీ రాని పిల్ల మీద, అసూయ పోవాలి కదా. పోలేదు. ఆ పిల్ల మానేసిన పనికి కూడా తన పనికంటే విలువ ఉన్నట్టు అనిపించేది.

పరీక్షలో మొదటి మెట్టు రూప దాటింది. మునిప్రసాద్ మైసూర్‌పాకు తెచ్చాడు. రూప ఒక ముక్క తీసి ముందు వదినకే ఇచ్చింది.

"నువ్వు ఇంట్లో పని చెప్పకుండా చదివించినావు వదినా. దానికే పాసయినాను."

మర్యాదగా, పరాయివాళ్ళతో మాట్లాడినట్టు అన్నది. కోమలి ఆ ముక్కను నోట్లో పెట్టుకుంది గానీ మింగలేకపోయింది. పెరట్లోకి వెళ్ళి ఉమ్మేసి, కొళాయి తిప్పి నోరు కడుక్కుంది. తాను కోరుకున్నది ఇదేనా అని తనను తానే అడిగింది. ఇదే కోరుకున్నాను, అనుకుంది. అందుకే భయం వేసింది.

తర్వాతి ఆదివారం ఎవరికీ చెప్పకుండా చిత్తూరు బస్సెక్కింది. శకుంతలమ్మ అంగట్లో ఒక పెళ్ళికూతురికి గాజులు తొడుగుతోంది. వాళ్ళు వెళ్ళిందాకా కోమలి స్టూలు మీద కూర్చుంది.

"అత్తా, రూపను హైదరాబాదు పంపిద్దాం. నేనే తోడు పోతాను. హాస్టలు చూస్తాను, ఆ స్టూడియో చూస్తాను, బాగలేకుంటే వెనక్కి పిల్చుకొనొస్తాను."

"అప్పుడు వద్దంటివి గదే?"

"అప్పుడు నాకు సరిగ్గా తెలియలా అత్తా. ఇప్పుడు కనుక్కున్నాను."

అత్తతో ఈ విషయంలో ఆమె ఆడిన అబద్ధం అదొక్కటే. శకుంతలమ్మ కోడలి మొహంలోకి కాసేపు చూసి, గాజుల పెట్టె మూసింది. "నీ మాట మీద పంపిస్తా ఉండాను. సూసుకో."

హైదరాబాదాయనకు ఫోను చేస్తే ఆ చోటు అప్పటికే వేరేవాళ్ళకు పోయింది. కావాలంటే నేర్చుకునే పిల్లలా వచ్చి చేరవచ్చు, వైర్లు చుట్టడం నుంచి మొదలుపెట్టాలి అన్నాడు. రూప సరేనంది. తన మాట వల్ల ఆ పిల్ల ఎన్ని మెట్లు కిందినుంచి ఎక్కాల్సి వచ్చిందో కోమలి ఇప్పటికీ లెక్కపెట్టుకోవడానికి ఇష్టపడదు.

పగటి రైలులో వెళ్ళారు. నెల్లూరు దాటాక రూప కిటికీలోంచి చూస్తూనే అడిగింది.

"అమ్మకు వద్దని చెప్పింది నువ్వే గదా వదినా?"

కోమలి ఒళ్ళోని సంచి సర్దుకుంది. "నీకెవురు చెప్పినారు?"

"అమ్మే. 'మీ వదిన నీ మంచికే సెప్పింది' అన్నది. నా మంచికేనా?"

ఎదుటి సీటులో ఒక పెద్దాయన పేపరు చదువుకుంటున్నాడు. కోమలి గొంతు తగ్గించింది. "కాదు. కుళ్ళుతో చెప్పినాను."

"దేనికి?"

"నువ్వు చేసేదానికి. మా నాయన నీ తల మీద చెయ్యి పెట్టినదానికి. అన్నిటికీ."

కోమలి ఇంకేదో చెప్పబోతే, రూప వద్దన్నట్టు తల అటు తిప్పుకుంది. ఒంగోలు వచ్చింది, పోయింది. చీరాల పోయింది. గుంటూరు దగ్గర పడుతుండగా, "ఆకలైతా ఉండాది. పులిహోర తియ్యి," అన్నది. అది క్షమించడమో, ఒట్టి ఆకలో కోమలికి అర్థం కాలేదు. డబ్బా తీసి ఇచ్చింది. తిన్నారు. హాస్టల్లో పరుపు సరిచేసి, బకెట్టూ మగ్గూ కొనిపెట్టి, మరుసటి రోజు తిరిగి వచ్చింది. సెలవు తీసుకునేటప్పుడు రూప, "పోయినాక ఫోన్ చెయ్యి," అన్నది.

ఇది జరిగి మూడేళ్ళు దాటింది. రూప వైర్లు చుట్టడం దాటింది. ఇప్పుడు రెండు మూడు సినిమాల్లో ఆమె పేరు చివర వస్తుంది. మునిప్రసాద్ అది కనిపించేదాకా హాల్లోంచి లేవనివ్వడు. కోమలికి ఇప్పటికీ ఆ క్షణంలో ఎడమ పక్క ఎక్కడో పట్టేసినట్టు ఉంటుంది. కాసేపటికి తగ్గుతుంది. ఆమె కథలు రాస్తూనే ఉంది. పాల్ దగ్గర కూర్చుని చప్పుళ్లు పెట్టడం తానే నేర్చుకుంది. మొదట్లో ఆమె చేసిన గాలి, ఎవరో ఫోనులోకి ఊదినట్టు ఉండేది. ఇప్పుడు ఫరవాలేదు. చదివేటప్పుడు ఎక్కడ ఆగాలో కూడా నేర్చుకుంది. ఏకాంబరం పోయిన ఏడాది చనిపోయాడు. చివరి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆమె ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, అమ్మ మీద రాసిన కథను అరిచినట్టుగా చదివి వినిపించింది. ఆయన సగంలో నిద్రపోయాడు.

ఈ మధ్య రూప కోమలి ఫోనుకు ఒక కథ పంపింది. తానే రాసిందట, మొట్టమొదటి కథ. వదినే ముందు చదవాలట. కోమలి దాన్ని రెండు రోజులు తెరవలేదు. ఇదీ బాగుంటే? తనకు మిగిలింది ఇదొక్కటే. మూడో రోజు ప్రెస్సులో మధ్యాహ్నం అన్నం వేళ, టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని తెరిచింది.

బాగాలేదు. మొదటి రెండు పేజీల్లో ఏమీ జరగదు. పాత్రలకు పేర్లు ఉన్నాయి గానీ మనుషులు లేరు. కోమలికి ఒళ్ళంతా తేలికయింది. చాలా ఏళ్ళ తర్వాత అంత హాయిగా అన్నం తిన్నది. తింటూ మూడో పేజీకి వచ్చింది. అక్కడ ఒక వాక్యం ఉంది: 'గాజులు తొడిగేటప్పుడు అమ్మ చేతిని చూడదు, మొహాన్ని చూస్తుంది.'

ఆమె చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఆ అంగట్లో తానూ కూర్చుంది. అత్త గాజులు తొడుగుతుంటే తానూ చూసింది. చూసి, రాయలేదు.

సాయంత్రం ఫోను చేసింది.

"చదివినావా వదినా? ఎట్లుండాది?"

"మొదటి రెండు పేజీలు తీసెయ్."

"తీసేస్తే ఏమి మిగులుతాది?"

"మూడో పేజీలో మీ అమ్మ గాజులు తొడిగే మాట ఉండాది చూడు. ఆడ మొదలుపెట్టు."

"అది బాగుండాదా?"

ఆ మాట చెప్పకుండా తప్పించుకోవచ్చు. 'చూస్తాంలే' అనేస్తే చాలు, రూపకు ఎప్పటికీ తెలియదు. కోమలి బాల్కనీ కమ్మీ పట్టుకుని కాసేపు నిలబడింది.

"బాగుండాది. నేను రాసుంటే ఎంత బాగుండునో అనిపించేటంత బాగుండాది. ఆ తర్వాత వచ్చే పేరా మాత్రం పనికిరాదు. పెన్ను ఉందా దగ్గర? రాసుకో, చెప్తాను."